చిట్టియ్య వాటా

కిందటి వారం లోవరాజును వాకిట్లో నిలబెట్టి వచ్చేశాం. పాపం, అప్పటినుంచీ అక్కడే ఉన్నాడు. రేపు తెల్లవారుజామున కొడుకు పల్లంరాజును సామర్లకోట దాకా తీసుకెళ్ళి రాజమండ్రి రైలెక్కించాలి. కాలేజీ ఎఫ్.ఏ. చదువులో ఇదే ఆఖరి టర్ము. ఫీజు డబ్బు పాత తలగుడ్డలో మూటకట్టి మొలకు బిగించుకుని, బండి మాట్లాడటానికి బయల్దేరబోతున్న మనిషికి రత్తమ్మ ఎదురొచ్చింది. "బావగారూ, ఒక్క మాట అడగాలండి. అక్క వినకుండా," అంది. అంతవరకే చెప్పుకున్నాం.

రత్తమ్మ చిట్టియ్య పెళ్ళాం. చిట్టియ్య లోవరాజుకు సొంత తమ్ముడు కాదు గాని తమ్ముడి వరస. ఒకే పడవ మీద పెరిగి పెద్దవాళ్ళయ్యారు. పోయిన కార్తీకంలో వేటకు వెళ్ళినవాడు గాలివానలో చిక్కుకుని మళ్ళీ ఉప్పాడ ఒడ్డు తొక్కలేదు. శవం కూడా దొరకలేదు. అప్పటినుంచి రత్తమ్మ నెత్తిన గంప పెట్టుకుని పిఠాపురం వీధుల్లో చేపలమ్మి, ఉన్న ఒక్క ఆడపిల్లనీ సాక్కుంటోంది. నోరున్న మనిషి కాదు. ఒకరి గుమ్మం ముందుకొచ్చి ఇలా నిలబడే మనిషీ కాదు.

అప్పు కోసం వచ్చిందనుకున్నాడు లోవరాజు. మొలలో మూట పెట్టుకుని లేదని ఎలా చెప్పడమా అని మాటలు వెతుక్కుంటూ, వలలు ఆరేసిన వాసాల చాటుకు నడిచాడు. లోపల అతని పెళ్ళాం మరిడమ్మ కొడుకు ప్రయాణానికి బియ్యం మూట కడుతోంది. పల్లంరాజు ఇంట్లో లేడు.

"సాయంత్రం పూట మీరు సముద్రాన్ని చూడటం లేదు కదండీ," అంది రత్తమ్మ.

లోవరాజుకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక గుమ్మం వైపు ఒకసారి చూశాడు.

ఇది మనకూ అర్థం కావాలంటే ఆ ఒడ్డున వాటాలు ఎలా పంచుతారో కాస్త చెప్పుకోవాలి. అలివి వలను పడవలో తీసుకెళ్ళి నీళ్ళలో వంపుగా వదిలి, రెండు కొసల తాళ్ళూ ఒడ్డుకు తెచ్చి, మనుషులు రెండు జట్లుగా లాగుతారు. పడిన దాంట్లో గంగమ్మ తల్లికి తీసి, వలకు తీసి, పడవకు తీసి, మిగిలింది లాగినవాళ్ళకు కుప్పలు పోస్తారు. ఎంత చెయ్యి తిరిగినవాడు పోసినా కుప్పలు సమానంగా రావు. ఒకదాంట్లో మంచి ధర పలికే చందువాలు పడితే ఒకదాంట్లో ఇసుకా, చవకరకం పొడుగాటి సావడాలూ పడతాయి. అందుకని ఒక మనిషి కుప్పలకు వీపు పెట్టి సముద్రం వైపు తిరిగి నిలబడతాడు. వెనక ఇంకొకడు కర్రతో ఒక కుప్పను చూపించి "ఇదెవరిది?" అంటాడు. ముందున్నవాడు తోచిన పేరు పిలుస్తాడు. ఏ పేరు పలికితే ఆ కుప్ప వాళ్ళది. ఇంక దాని మీద మాట లేదు. ఆ పిలుపులో వరసలు కూడా ఉండవు. కన్నతండ్రినైనా పిల్లనిచ్చిన మామనైనా ఉత్త పేరుతోనే పిలవాలి. ఎవరైనా సముద్రంలో పోతే ఏడాది తిరిగేదాకా వాళ్ళ పేరు కూడా పిలుస్తారు. ఆ కుప్ప వాళ్ళ ఇంటికి పోతుంది.

లోవరాజు తండ్రి బతికున్నంతకాలం పేర్లు పిలిచింది ఆయనే. ఆయన తరవాత లోవరాజు. వెనక కర్ర పట్టేది బుల్లబ్బాయి. ఆ చోట ఎవర్ని పడితే వాళ్ళని నిలబెట్టరు. పల్లెలో పెద్దరికం అంటే అదే, దానికి జీతం లేదు, భత్యం లేదు. పిల్లని ఇవ్వడానికి వచ్చినవాళ్ళు ఇల్లు చూడరు, వల చూడరు, "వాటాలు పిలిచేవారి ఇల్లేనా?" అని అడిగి సంబంధం ఖాయం చేసుకుంటారు.

అలాంటివాడికి పోయినేడు ఎండల్లో ఒక సాయంత్రం ఒక సంగతి కనిపించింది. ఉప్పాడలో సముద్రం తూర్పున. పొద్దున లాగిన వలకు సూర్యుడు ఎదురుగా ఉంటాడు. సాయంత్రం లాగిన వలకు మాత్రం సూర్యుడు వీపు వెనక, తాటితోపు మీదుగా దిగుతాడు. వెనక కర్ర పట్టుకున్నవాడి నీడ, ఆ కర్ర నీడతో సహా, సాగి సాగి ముందున్నవాడి కాళ్ళ పక్కన తడి ఇసుక మీద పడుతుంది. తల తిప్పక్కర్లేదు. కళ్ళు కాస్త దించితే చాలు, కర్ర ఏ కుప్ప మీద ఉందో తెలిసిపోతుంది. ఇన్నేళ్ళుగా ఎవరికీ తోచలేదా అంటారా? వెనకున్నవాళ్ళ కళ్ళన్నీ చేపల మీదే ఉంటాయి, ముందున్నవాళ్ళు ఇంతకాలం నిజంగానే సముద్రాన్ని చూశారు.

మొదటి రోజు లోవరాజు కూడా చప్పున కళ్ళెత్తేశాడు. ఆ మాట మనం ఒప్పుకోవాలి. తరవాత టర్ము ఫీజు వచ్చింది.

"ఏమంటున్నావు రత్తమ్మా?" అన్నాడు లోవరాజు.

"మొన్న గంప కడుక్కుందామని నీళ్ళ దగ్గరికి దిగానండి. ఎప్పుడూ కుప్పల వెనకే నిలబడే మనిషిని, ఆ రోజు మీ మొహం కనపడింది. మీ కళ్ళు కిందకున్నాయి. ఏంటా చూస్తున్నారు, పీతేమైనా పాకుతోందా అని నేనూ చూశాను. బుల్లబ్బాయి కర్ర నీడ."

"ఇసుక వైపు చూడకూడదని ఎవరైనా అన్నారా?"

"అనలేదండి."

"మరి? నా పేరు మంచి కుప్పకి పడితే అది నా రాత. సూర్యుడు నేను చెప్పినట్టు వింటాడా?"

రత్తమ్మ నెత్తిన కొంగు సర్దుకుని నెమ్మదిగా అంది. "మీ వాటా గురించి నేను రాలేదండి. మీ అబ్బాయి చదువుతున్నాడు, మీకు కావాలి. మంచి కుప్ప మీరు తీసుకున్నారంటే ఏదోలా సరిపెట్టుకునేదాన్ని. ఆయన వాటా సంగతి అడుగుదామని వచ్చాను. పొద్దుటి వలకి ఆయన పేరు మీద అందరికీ వచ్చినట్టే వస్తోంది, ఒకరోజు మంచిది, ఒకరోజు చెడ్డది. సాయంత్రం పూట మాత్రం ఎప్పుడూ ఆఖరి రకమే. మబ్బు పట్టిన రోజు తప్ప. ఎందుకండీ?"

లోవరాజు వాసం పట్టుకున్నాడు.

ఎందుకో అతనికి తెలుసు. ఇంతవరకూ తనలో తాను కూడా ఆ మాట అనుకోలేదు. మంచి కుప్ప తను తీసుకుంటే నాసి కుప్ప ఎవరో ఒకరి మీద పడాలి. బుల్లబ్బాయి మీద రెండు రోజులు వరసగా పడితే మూడోరోజు గొణుగుతాడు. జట్టులోని అచ్చిబాబు అయితే పిలిచేవాణ్ణి మార్చమనే అంటాడు. బతికున్నవాడు ఎవడైనా అడుగుతాడు. చిట్టియ్య అడగడు. తమ్ముడూ తమ్ముడూ అని తను చేత్తో అన్నం పెట్టినవాడి పేరును, అతను అడగలేడు కాబట్టి, చెత్తంతా తోసెయ్యడానికి వాడుకున్నాడు.

సిగ్గు లోవరాజుకు మెడ దగ్గర మొదలై చెవుల దాకా పాకింది. ఇంతకాలం దొంగతనం అనే మాట రాకుండా ఎన్ని దడులు కట్టుకున్నాడో. కొడుకు కోసం కదా అనుకున్నాడు. రేపు వాడు ఉద్యోగస్తుడైతే పల్లెకే మంచిది కదా అనుకున్నాడు. మరిడమ్మ వెండి కడియాలు అమ్మింది, పండగలకు కోక మానేసింది, గంజిలోకి కూర కూడా లేకుండా గడిపింది. అంత చేస్తున్నదాని ముందు తను ఒక నీడ వైపు చూస్తే తప్పేంటి అని కూడా అనుకున్నాడు. ఆ దడులన్నీ ఒక్క చిట్టియ్య పేరు దగ్గర కూలిపోయాయి.

ఇంకొకటి కూడా ఉంది. పల్లంరాజు కాకినాడలో మెట్రిక్యులేషన్ గట్టెక్కిన రోజున పల్లె పెద్దలు కూర్చుని, పిల్లాడి చదువయ్యేదాకా ప్రతి వలలోనూ ఒక కుప్ప వాడి పేరున తీద్దామన్నారు. ఈ తీరంలో కాలేజీ గడప తొక్కుతున్న మొదటివాడు, అందరి బిడ్డా అనుకుందాం అన్నారు. లోవరాజు మీసం మీద చెయ్యి వేసుకుని, నా బిడ్డని నేను చదివించుకోగలను, ఎవరి చెమటా నాకొద్దు అన్నాడు. ఆ రోజు చిట్టియ్యే బతిమాలాడు, ఒప్పుకో అన్నా అని. అందరూ చేతిలో పెడతామంటే వద్దన్న మనిషి, వాళ్ళ వెనక నుంచి, కాదు, వాళ్ళ ముందు నిలబడి, అదే వాటాను దొంగిలించాడు.

మనిషికి సిగ్గేసినప్పుడు మంచి పనే చెయ్యాలని లేదు. లోవరాజు చెయ్యి మొలకు పోయింది. మూట సగం లాగి, "ఎంత కావాలో చెప్పు," అన్నాడు.

ఆ మాట అన్నాక తన చెవులకే వినపడి, చెయ్యి అలాగే ఉండిపోయింది. రత్తమ్మ రెండడుగులు వెనక్కి వేసింది.

"నేను అమ్మడానికి రాలేదండి," అంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి గాని గొంతు మారలేదు. "ఆ మూట లోపల పెట్టెయ్యండి బావగారూ. అక్క అమ్మిన కడియాలు కూడా అందులోనే ఉన్నాయి. పొద్దున అక్క ఇంటింటికీ దోసెడు బియ్యం అడిగింది కదా పిల్లాడికి, నేనూ పోశాను. అది కూడా ఉంచుకోండి."

"మరి నన్నేం చెయ్యమంటావు?"

"ఇవాళ సాయంత్రం కుప్పలు పోశాక, పిలవకముందు, మీ నోటితో మీరు చెప్పండి. అందరి ముందూ. ఆయన పేరుకి జరిగింది చెప్పండి."

"చెప్పకపోతే?"

"నేను చెప్తాను. మొగుడు పోయి మతి చెడిందంటారు, నన్నే ఛీ అంటారు. అది తెలిసే చెప్తాను."

ఇంతలో మరిడమ్మ గుమ్మంలోకి వచ్చింది. చేతులకు బియ్యపు పొడి ఉంది. "ఎండలో నిలబెట్టి మాట్లాడతావేంటయ్యా మనిషిని? రావే రత్తమ్మా, కాస్త గంజి తాగి వెళ్దువుగాని."

"ఇప్పుడే తాగానక్కా," అని రత్తమ్మ వెళ్ళిపోయింది.

"ఏంటంట?" అంది మరిడమ్మ.

"ఏం లేదు."

"పాపం, ఏదైనా కావాలేమో ఇవ్వకపోయావా? మనకి ఇంత చేస్తున్నారు అందరూ."

లోవరాజు పెళ్ళాం మొహం చూడలేక బండి మాట్లాడే వంకతో బయటపడి, బండి మాట్లాడకుండానే ఇసుక దిబ్బల వెంట తిరిగాడు. సముద్రం మళ్ళీ కొంత ఒడ్డును కోసుకుపోయింది. చిన్నప్పుడు తను పడుకున్న గుడిసె ఉన్న చోట ఇప్పుడు అలలున్నాయి. ఒక్కడే నడుస్తూ, చెప్పాల్సిన మాటలు పైకి అనుకుని చూశాడు. "అయ్యలారా, నేను తప్పు చేశాను." బాగానే వచ్చింది. ఆ తరవాత ఏం చేశానో చెప్పబోతే నాలుక మడతపడింది. ఎన్నిసార్లు అనుకున్నా అక్కడే ఆగింది.

చెబుదామనే నిశ్చయించుకున్నాడు. పోతే తన పేరు పోతుంది. పిలిచే చోటు పోతుంది. కుల పెద్దలు తప్పు వేస్తారు, కడతాడు. కొడుకు మాత్రం రేపు రైలెక్కుతాడు, చదువు చదువుగానే ఉంటుంది. తండ్రి చేసింది తండ్రితోనే పోతుంది. ఈ మాట దొరికాక కొంచెం ఊపిరాడింది.

సాయంత్రం వల బరువుగా వచ్చింది. పల్లంరాజు కూడా తాడు పట్టాడు. రాజమండ్రిలో కలం పట్టిన చేతులకు బొబ్బలు లేస్తాయని వాళ్ళూ వీళ్ళూ ఎగతాళి చేస్తుంటే, నవ్వుతూనే చివరిదాకా లాగాడు. బక్కపలచటి మనిషి, తండ్రి ఎత్తే. తాడు వదిలాక అరచేతులు నీళ్ళలో ముంచుకున్నాడు.

బుల్లబ్బాయి కుప్పలు పోశాడు. ఒక కుప్పలో చందువాలు వెండి పళ్ళేల్లా పరుచుకున్నాయి. కొసన ఉన్న కుప్పలో నలిగిన సావడాలూ, ఇసుక పట్టిన చిరుచేపలూ. లోవరాజు అలవాటు ప్రకారం రెంటినీ చూశాడు. చూసినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది. ఆడవాళ్ళలో రత్తమ్మ ఖాళీ గంప చంకన పెట్టుకుని నిలబడి ఉంది.

లోవరాజు గొంతు సవరించుకుని ముందుకు నడిచాడు. "నేనొక మాట..."

"నువ్వుండు మావా," అన్నాడు బుల్లబ్బాయి. "నీ గొంతు రోజూ వింటున్నదే. రేపు వెళ్ళిపోతున్నాడు కదా పల్లంరాజు, ఇవాళ వాడితో పిలిపిద్దాం. తాత పిలిచాడు, తండ్రి పిలిచాడు. మళ్ళీ వచ్చేసరికి దొరబాబు అయిపోయి మన పేర్లు మర్చిపోతాడేమో."

అందరూ నవ్వారు, సరే అంటే సరే అన్నారు. "నాకెందుకు బావా," అని పల్లంరాజు సిగ్గుపడుతుంటే అచ్చిబాబు వెనక నుంచి తోసి నిలబెట్టాడు. సూర్యుడు తాటితోపు మీదికి దిగి ఉన్నాడు. నీడలు నీళ్ళ దాకా సాగాయి.

ఇంత సంతోషంగా ఉన్న మనుషుల మధ్య, కొడుక్కి దక్కుతున్న మర్యాద మధ్య, లోవరాజు ముందుకు వేసిన అడుగు వెనక్కి తీసుకున్నాడు. వాడు పిలవడం అయిపోయాక చెబుతాను అనుకున్నాడు. పిరికివాడికి ఎప్పుడూ ఇంకొంచెం సేపు దొరుకుతుంది. ఒడ్డున బోర్లించిన పడవ దగ్గరికి జరిగాడు. అక్కడినుంచి కొడుకు మొహం కనబడుతోంది. ఆ చోటునుంచి పిలిచేవాడి మొహం అతను ఎన్నడూ చూడలేదు.

"ఇదెవరిది?" అన్నాడు బుల్లబ్బాయి.

"అచ్చిబాబు."

"ఇదెవరిది?"

"బుల్లబ్బాయి."

పల్లంరాజు కళ్ళు దూరాన, నీళ్ళు ఆకాశాన్ని తాకే చోట ఉన్నాయి. తండ్రి గుండె కాస్త కుదుటపడింది. నా బిడ్డ, అనుకున్నాడు. వాడికేం తెలుసు.

బుల్లబ్బాయి చందువాల కుప్ప దగ్గరికి నడిచాడు. కర్ర చాపాడు. "ఇదెవరిది?"

పల్లంరాజు వెంటనే పలకలేదు. రెప్పలు వాలాయి. ఎంతోసేపు కాదు, ఒక అల వచ్చి వెనక్కి పోయేంతసేపు.

"లోవరాజు," అన్నాడు.

వెనక ఎవరో మెచ్చుకోలుగా ఈల వేశారు. కొడుకు నోటి చలవ అన్నారు. కొడుకు నోట తన ఉత్త పేరు విని లోవరాజుకు చెంప మీద కొట్టినట్టయింది. యాదృచ్ఛికం కావచ్చు. కళ్ళలో ఇసుక పడి ఉండొచ్చు. ఒక్కసారికి ఏం తెలుస్తుంది. గంగమ్మ తల్లిని మొక్కుకుంటూ పడవ అంచు గట్టిగా పట్టుకున్నాడు.

బుల్లబ్బాయి కొస కుప్ప దగ్గరికి పోయాడు. "మరి ఇదెవరిది?"

ఈసారి ఆలస్యం లేదు. కళ్ళు ఇంకా ఇసుక మీదే ఉన్నాయి.

"చిట్టియ్య."

ఒడ్డంతా మామూలుగానే ఉంది. పిల్లలు గోల చేస్తున్నారు, కాకులు దిగుతున్నాయి. లోవరాజుకు మాత్రం ఏమీ వినపడలేదు. ఆ నీడ వీడు ఈ క్షణాన కనిపెట్టలేదు. ఏ కుప్ప ఎవరి మీద తొయ్యాలో కూడా తెలిసినవాడు ఎన్నాళ్ళనుంచో, సెలవులకు వచ్చినప్పుడల్లా, తండ్రిని చూస్తూ ఉండాలి. చూసి, తెలిసి, ఆ డబ్బుతోనే కాలేజీలో ఫీజు కట్టి, ఇంటికొచ్చి తండ్రి పెట్టిన అన్నం తిన్నాడు. ఒక్క మాట అడగలేదు.

మధ్యాహ్నం అనుకున్న ధైర్యం ఇప్పుడు పనికిరాదు. ఆ నీడ సంగతి చెబితే, చెప్పిన మరుక్షణం ఇన్ని జతల కళ్ళు పిలిచినవాడి వైపు తిరుగుతాయి. తన పేరొక్కటే పోదు. అందరి బిడ్డ అని దోసెళ్ళతో బియ్యం పోసినవాళ్ళ ముందు, ప్రయాణానికి ముందురోజు, పల్లంరాజు దొంగ అవుతాడు. చెప్పకపోతే రత్తమ్మ చెబుతుంది. ఆమె మాట కాదనడానికి తను నోరు విప్పితే, ఈ ఒడ్డు మొత్తం తననే నమ్ముతుంది. అది ఇంకా భయంగా ఉంది.

రత్తమ్మ వచ్చి కొస కుప్ప దగ్గర గంప దించింది. చేపల్ని చూడలేదు. వంగనూ లేదు. లోవరాజు వైపు చూస్తూ నిలబడింది.

"ముట్టుకోకు రత్తమ్మా," అన్నాడు లోవరాజు. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. "ఆ కుప్ప అలా ఉంచు."

బుల్లబ్బాయి కర్ర దించి నవ్వాడు. "ఏంటి మావా, చిట్టియ్య వాటాకి కూడా ఎసరు పెట్టావా?"

వేళాకోళానికే అన్నాడు. ఎవరూ నవ్వకముందే లోవరాజు మొహం చూసి తనే ఆపేశాడు. ఒకరొకరుగా అందరూ ఇటు తిరిగారు. మరిడమ్మ ఆడవాళ్ళలోనుంచి ముందుకొచ్చి, "ఏంటయ్యా? ఒంట్లో బాగాలేదా?" అంది.

"నాదీ ఆపండి. చందువాల కుప్ప. ఆ రెండూ..." లోవరాజు ఊపిరి తీసుకున్నాడు.

కుప్పలకు వీపు పెట్టి, సముద్రం వైపే చూస్తూ, తల తిప్పకుండా అన్నాడు పల్లంరాజు.

"వద్దు నాన్నా."